ముందు ఒకటో కౌంటరు

ఫ్యాన్ రెక్కలు విడివిడిగా కనబడటం మొదలైతే, కరెంటు పోయిందని ఇప్పటికీ లేచి నిలబడతాను. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఒక మిర్చి సీజన్‌లో, గుంటూరు దగ్గరి కోల్డ్ స్టోరేజీలో పట్టుకున్న భయం అది.

అక్కడ మిర్చి బస్తాలు దించుకుని రైతులకు చీటీలిచ్చే ప్రోగ్రాము నేను జావాలో రాసిచ్చాను. నాలుగు కౌంటర్లకు నాలుగు ప్రోగ్రాములు, అన్నీ లోపలి గదిలోని ఒకే కంప్యూటర్ మీద. నాన్న కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి కదా, మెమరీ తగ్గించి మరీ ఆ కంప్యూటర్‌ను బేరమాడాను. జనరేటర్ ఉండగా యూపీఎస్ దండగని ఓనరుగారికి నేనే చెప్పి మెప్పు కొట్టేశాను. జనరేటర్ అందుకునే ఆ కాస్తలోనే కంప్యూటర్ ఆరిపోతుందని తట్టలేదు. ఆరినప్పుడల్లా నాలుగూ లేవడానికి పావుగంట. బయట దర్శి నుంచి, సత్తెనపల్లి నుంచి వచ్చిన ట్రాక్టర్లు ఎండలో. రేపూ ఇంతే అయితే పెట్టె పట్టుకెళ్లిపొమ్మన్నారు ఓనరుగారు. పట్టుకెళ్తే నాకు మళ్లీ ఆ కిరాణా కొట్టే గతి.

తీరా చూస్తే, నాలుగు ప్రోగ్రాములూ అవే వేల క్లాసులను, అంటే ప్రోగ్రాము ముక్కలను, దేనికది డిస్కు నుంచి చదువుకుంటున్నాయి. మా కొట్లో నలుగురం నాలుగు కందిపప్పు బస్తాలు విప్పుకుని కూర్చున్నట్టు. మొదటి ప్రోగ్రాము చదివిన క్లాసులను మెమరీలో ఉమ్మడిగా ఉంచి, మిగతా మూడూ అక్కడినుంచే తీసుకునే ఏర్పాటు జావాలో ఉంది. ఆ సాయంత్రం దాన్ని పెట్టాను. కానీ కరెంటు పోతే ఆ ఉమ్మడి సరుకూ పోతుంది. దాన్ని మళ్లీ నింపడానికి ఒకటో కౌంటరు ఒక్కటే ముందు లేవాలి. మిగతావాళ్లు ఆగాలి.

మర్నాడు పదింటికి ఫ్యాన్ ఆగింది. జనరేటర్ అందుకోగానే, మౌసు ముట్టుకోవద్దని మిగతా మూడు కౌంటర్ల గుమాస్తాలనూ బతిమాలాను. ఓనరుగారు నా వెనకే నిలబడ్డారు.

“నిన్న నాలుగూ నిదానంగా లేచినయ్. ఇవాళ మూడు అసలు లేవట్లేదు. బాగుచేయడమంటే ఇదేనా?”

“నాలుగు నిమిషాలండీ.”

“రెండు.”

“మూడండీ,” అన్నాను. అప్పుడు కూడా బేరం మాత్రం మానలేదు.

క్యూలోంచి ఎవరో కంప్యూటరుకు కాఫీ పట్టించమన్నారు. అందరూ నవ్వారు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. అప్పటికి ఒకటో కౌంటరు తెర వెలిగింది. మిగతా ముగ్గురికీ తలూపి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నాలుగో ప్రింటరు చీటీ కక్కుతోంది.

ఓనరుగారు ఆ చీటీని తిప్పి, ఖాళీగా ఉన్న వెనకవైపు కూడా చూశారు. “సరే, ఉండనీ,” అని వెళ్లిపోయారు.

మధ్యాహ్నమే బజారుకెళ్లి, నా సొంత డబ్బుతో యూపీఎస్ కొని తెచ్చి బిగించాను. రాత్రి ఇంటికెళ్తే, ఎంతకు బేరం తెగిందని నాన్న అడిగారు. వాళ్లు చెప్పినంతకే తీసుకున్నానన్నాను. ఆయన లేచొచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు.