శుభ్రంగా ఉన్నందుకు

పదిహేడేళ్లు పొద్దున్న ఎనిమిదింటికి భర్త చేతికి క్యారియర్ అందించి గుమ్మం దగ్గర ఆగిపోయేది ఆవిడ. ఇప్పుడు ఆ వేళకి తనే గుమ్మం దాటుతోంది, సంచిలో రెండు తుడుపుగుడ్డలు పెట్టుకుని.

ఆయన పాత లాంతర్ల మ్యూజియంలో కాపలాదారు. ఊడ్చే ఉద్యోగానికి నగరపాలక సంఘం ఎన్నడూ డబ్బివ్వలేదు కనక ఊడవడం, గాజులు తుడవడం కూడా ఆయనే చేసేవాడు. ఆయన పోయి నాలుగు నెలలు. ఇంట్లో గోడలు మీద పడుతున్నట్టుంటే, ఎవరూ చెప్పకుండానే ఆ పని ఎత్తుకుంది. జీతం మాట ఎవరూ ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

"వదినా, వచ్చే వారం గ్రాంటు ఆఫీసరు వస్తున్నాడు," అన్నాడు టికెట్లిచ్చే గుమాస్తా. వరసకేమీ కాడు, పిలుపుకే మరిది. "ఈసారీ డబ్బు రాకపోతే మూసేస్తారట. లాంతర్లు గోడౌనుకి పోతాయి."

"అయితే పెందలాడే వచ్చి నేల కూడా కడిగేస్తాను."

"ఆ పని మాత్రం చెయ్యకు తల్లీ. పోయినేడు అన్నయ్య అద్దంలా మెరిపించాడు. ఆఫీసరు చూసి, 'డబ్బు లేకుండానే ఇంత బాగుంటే ఇంక డబ్బెందుకయ్యా' అన్నాడు. ఎదుటి చిత్రశాలవాళ్లు కప్పు కారుతోందని పది బకెట్లు పెట్టారు. మొత్తం వాళ్లకే పోయింది."

"బకెట్లలో నీళ్లున్నాయా?"

"ఎండాకాలం కదా వదినా."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగినా చాలదు, చిరుగుల చొక్కా తొడుక్కుని అడగాలి.

"దుమ్ము చూస్తే మీ అన్నయ్య పరువేం కాను?"

"పరువుని గోడౌనులో దాచుకుందామా?"

ఆవిడ గుడ్డలు తిరిగి సంచిలో పెట్టేసింది. ఆ వారమంతా రోజూ వచ్చి ఊరికే కూర్చుంది. అంత కష్టమైన పని ఆవిడ జన్మలో చెయ్యలేదు.

ఆఫీసరు రానే వచ్చాడు. ఆవిడ భర్త అన్నిటికంటే ఎక్కువగా చూసుకునే ఓడ లాంతరు గాజు మీద వేలితో గీత గీశాడు. వేలు నల్లబడింది, ముఖం వెలిగింది.

"ఇదీ అవసరమంటే. ఇన్నాళ్లూ చెప్పరేం?" అని రాసుకోవడం మొదలుపెట్టాడు. "ఊడ్చేవాళ్లు లేరా?"

"ఉద్యోగం లేదండీ," అన్నాడు గుమాస్తా. "మనిషి ఉండేవాడు."

ఆఫీసరు మొదటి సగమే రాసుకుని పక్క గదిలోకి నడిచాడు.

గాజు మీద ఆ ఒక్క గీత తళతళలాడుతోంది. ఆవిడ చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. గుడ్డ దొరికింది కూడా. పక్క గదిలో కాగితం తిప్పిన చప్పుడైంది. గుడ్డని సంచి అడుక్కి తోసేసి, లాంతరు వైపు వీపు తిప్పి కూర్చుంది.