నాగమ్మ చేని కంప

2022 డిసెంబరు. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో, షేర్ ఆటోలు మలుపు తిరిగే చోట నా సైకిల్ షాపు. ముప్పై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్నాను. జనమంతా బైకులకు మారిపోయాక షాపు మూసేద్దామా అనుకుంటున్న రోజుల్లో, ఊళ్లో ఉద్యోగాలు చేసుకునే కొందరు ఖరీదైన గేరు సైకిళ్లు కొని నా దగ్గరకు రావడం మొదలుపెట్టారు. వాళ్లందరూ అడిగేది ఒకటే. "హుసేన్ భాయ్, బండ్లు తిరగని దారి ఏదైనా ఉందా?"

ఎందుకు లేదు? కేసీ కాలువ గట్టు ఉంది. తెల్లదొరల కాలంలో సుంకేసుల నుంచి కడప దాకా తవ్వించిన కాలువ అది. అప్పట్లో దానిమీద పడవలు నడిచేవని మా పెద్దవాళ్లు చెప్పేవారు. చెక్కిన రాతి తూములు, వాగులూ వంకల మీదుగా నీళ్లను దాటించే రాతి కట్టడాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. గట్టు పాడైన చోట చేన్ల బాటలూ మట్టి రస్తాలూ కలుపుకుంటూ, రెండేళ్లు తిరిగి నేనొక ట్రాక్ తయారుచేశాను. ట్రాక్ అంటే మరేం లేదు, ఫోన్లో మ్యాపు మీద కనిపించే గీత. ఆ గీత పట్టుకుని పోతే ఆరు రోజుల్లో కడప. ఇలా పోవడాన్ని టూరింగ్ అంటారు. పందెం కాదు. సైకిల్‌కు సంచులు కట్టుకుని, చూసుకుంటూ, తింటూ, ఊరి జనంతో కబుర్లాడుతూ పోవడం.

ఆ డిసెంబరులో ఎర్రగుంట్ల నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. బస్సు డిక్కీలోంచి తన లేడీస్ సైకిల్ తనే దింపుకుని, తనే తోసుకుంటూ షాపు ముందు నిలబడింది. పేరు ఎస్తేరమ్మ. డ్రిల్లు టీచరుగా చేసి ఆ ఏడే రిటైరయ్యారు. మెడలో విజిల్ ఇంకా వేలాడుతోంది.

"ఏమప్పా, లారీ కనపడని దారి నీకాడ ఉండాదంట. నిజమేనా?"

"ఒక్క లారీ కనపడినా నన్నడగండి మేడమ్."

అప్పుడు చెప్పారు. మా ఎర్రగుంట్లలో మనుషుల కన్నా సిమెంటు లారీలే ఎక్కువప్పా అన్నారు. పాతికేళ్లు ఆ రోడ్డు మీదే బడికి సైకిల్ తొక్కారట. నాలుగేళ్ల కిందట ఒక లారీ మరీ దగ్గరగా దాటిపోతే ఆ ఊపుకు పడి మెడ కింద ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆటోలోనే బడికి పోయారు.

"వెయ్యి మంది పిల్లోళ్లకు భయపడొద్దని నేర్పించినా. నేను మాత్రం ఆటోలో ముడుచుకోని కూర్చుంటి. సిగ్గు గాదా? ఈ కాలూ చెయ్యీ ఆడతాండేటప్పుడే మళ్లీ తొక్కల్ల. లేదంటే ఇంగ నాతో కాదు."

సైకిల్ చూస్తే పాపం, స్పోకులు తుప్పు పట్టి ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని చక్రాలు మళ్లీ అల్లాను. మా దారుల్లో పల్లేరు కాయలకు ట్యూబులు నిలవవు కాబట్టి లోపల సీలెంట్ పోశాను. అది చిల్లి పడిన చోట తానే గడ్డకట్టి మూసేసే జిగురు.

బయల్దేరాం. మొదటి రెండు రోజులు ఆమె నా వెనక చక్రం విడిచిపెట్టలేదు. నేను కాస్త ముందుకెళ్తే చాలు, విజిల్! కొంగలన్నీ లేచిపోయేవి. "నెమ్మదిగా పోప్పా, యాడ మునిగిపోతాండాది?" అనేవారు. కాలువలో నీళ్లు, అటు వరి, ఇటు మిరప. మూడో రోజుకు పాటలు మొదలయ్యాయి. రాతి తూము దగ్గర ఆగి, ఆ రాళ్లు చేత్తో తడిమి, "సున్నంతో కట్టినారప్పా, మా ఊరి సిమెంటు లేకుండానే నిలబడినాది సూడు" అని ఒకటే నవ్వు.

ఇక కంప సంగతి చెప్పాలి. మా వైపు చేనుకు గేటు ఉండదు. సర్కారు తుమ్మ ముళ్లకొమ్మలు మోపుగా కట్టి బాటకు అడ్డం వేస్తారు. అదే కంప. జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ, చేన్లో పడకుండా. మనం పోవాలంటే దాన్ని పక్కకు లాగి, దాటాక మళ్లీ వేసిపోవాలి. నా టూర్లలో దీనికొక పద్ధతి ఉంది. ముందు పోయేవాళ్లు తీయాలి, వెనక వచ్చేవాళ్లు వేయాలి. ఎప్పుడూ ముందుండేది నేనే కాబట్టి, ఎన్ని టూర్లు చేసినా తీయడమే తప్ప వేసిన పాపాన పోలేదు.

ఐదో రోజు పొద్దున పది దాటాక మైదుకూరు ఇవతల నాగమ్మ చేనుకు వచ్చాం. అక్కడ గట్టు కుంగిపోయింది. దారి ఆమె శనగ చేన్లోంచే పోవాలి. మూడెకరాలు, కాయ పట్టిన పచ్చని శనగ. ఆ ఏడు ఆమె నమ్ముకున్నదంతా ఆ చేనే. బాట దగ్గరే నిలబడి ఉన్న నాగమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

"నేను బిడ్డతో టౌనుకు పోతాండా. పొద్దు నెత్తికెక్కేసరికి జీవాలు నీళ్లకొస్తాయి. కంప మర్చిపోయేరు. ఒక్క గొర్రె దూరినా మీ సైకిళ్లు మళ్లా ఈ చేన్లోకి రావు, ముందే చెప్తాండా."

"నాకు చెప్పాలా అక్కా?" అన్నాను గొప్పగా.

చేను దాటి కాలువ వైపు కంప వచ్చేసరికి, ఐదు రోజుల్లో మొదటిసారి, ఎస్తేరమ్మ మేడమ్ నన్ను దాటుకుని ముందుకు పోయారు. తనే దిగి, తనే కంప లాగి, మళ్లీ ఎక్కి గట్టు మీద రయ్యిమని పోతున్నారు. వెనక్కి తిరిగి విజిల్ వేసి, "రాప్పా, బిన్నె రా!" అని తొందరపెడుతూ కేక. నాకు ఎంత సంతోషమైందంటే, ఆమెను చూస్తూ నవ్వుకుంటూ నేనూ వెంటపడ్డాను. మనసంతా ఆమె మీదే.

పదకొండున్నరకు ఒక పల్లెలో పాత చర్చి ఆవరణలో ఆగాం. పాస్టరమ్మ అన్నం వండిస్తోంది. నా వెనక టైరులో ఇంత పొడుగు తుమ్మముల్లు దిగింది. దానికి సీలెంటూ చాలలేదు. చక్రం విప్పి ట్యూబును తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాను.

మేడమ్ మంచినీళ్లు తాగుతూ ఉన్నట్టుండి ఆగారు. "హుసేనూ, ఆ నాగమ్మ చేని కంప వేసినావు గదా?"

నా చేతిలోంచి ట్యూబు జారింది. యా అల్లా! వెనక వచ్చింది నేనే. వేయాల్సింది నేనే.

గట్టు మీదుగా వెనక్కి ఆరు కిలోమీటర్లు, ఇసుక దారి. తారు రోడ్డు మీద అయితే నాలుగే. కానీ ఆ రోడ్డు నిండా ఎర్రగుంట్ల నుంచి వచ్చే సిమెంటు లారీలు. నాగమ్మ ఫోన్ నంబరైనా తీసుకున్నానా? లేదు.

"మీ సైకిలివ్వండి మేడమ్, నేను పోతా," అని లేచాను. ఆమె అప్పటికే పెడల్ మీద కాలు పెట్టేశారు.

"కంప తీసింది నేను. ఆయమ్మ చేను పాయెనంటే నా పాలుగూడా ఉండాది."

"రోడ్డు మీదనా? వద్దు మేడమ్! లారీలు..."

"నువ్వు చెప్పల్లనా? నాకు తెలీదా?" హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నారు. "గట్టెంబడి పోతే అందుకోలేం. నువ్వు చక్రం బిగించుకోని రా."

పోయారు. నా జీవితంలో ఎన్ని వేల పంక్చర్లు వేశానో గానీ, ఆ ఒక్కటి వేయడానికి పట్టినంత సేపు దేనికీ పట్టలేదు. ఒక్క లారీ కూడా కనపడదని మాటిచ్చినవాణ్ని! ఆమెకు ఏమన్నా అయితే నా మొహం ఎవరికి చూపించాలి? నట్లు బిగించీ బిగించకుండానే రోడ్డెక్కాను. లారీలు దుమ్ము కొట్టిపోతున్నాయి. ప్రతి మలుపులోనూ రోడ్డు పక్కకు చూస్తున్నాను, ఎక్కడా ఏమీ కనిపించకూడదని దువా చేసుకుంటూ.

రోడ్డు దిగి చేని వైపు తిరిగానో లేదో, వినిపించింది. విజిల్! ఒకటి కాదు, పొడుగ్గా, వరసపెట్టి. నేను సైకిల్ మీదే ఏడ్చేశాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

చూస్తే, మంద అంతా గట్టు మీద కిక్కిరిసి ఉంది. సందులో మేడమ్ ఒక చేత్తో కంప లాగుతూ, నోట్లో విజిల్‌తో, గొర్రెలకు డ్రిల్లు చేయిస్తున్నారు. గొర్రెల కాపరి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, బడిపిల్లాడల్లే ఒక పక్కన నిలబడ్డాడు.

"నిన్నే అనేది! నీ జీవాల్ని లైన్లో పెట్టు!"

"అవి బడికి పోలేదమ్మా," అన్నాడతను బెదురుగా.

ఇద్దరం కలిసి కంప వేశాం. మేడమ్ వచ్చి బయటికి తోలేలోపే నాలుగు గొర్రెలు దూరి, మొదటి సాలు బారెడు పొడుగున మేసేశాయి. మిగతా చేను పచ్చగా నిలబడే ఉంది. మేడమ్ అరచేతుల్లో ముళ్లు గీరి రక్తం వచ్చింది. గట్టు మీద కూర్చుని తుడుచుకుంటున్నారు.

"ఎన్ని లారీలొచ్చినాయి మేడమ్?"

"పదకొండు. లెక్కపెట్టినా."

"భయమైందా?"

"శానా. తొమ్మిదో లారీ డ్రైవరు పక్కకు తీసుకోని చెయ్యి ఊపినాడప్పా. నేనూ ఊపినా!" అని పకపకా నవ్వారు.

నాగమ్మ వచ్చేదాకా అక్కడే ఉన్నాం. చెప్పకుండా పోవచ్చు, కానీ గొర్రె అడుగులు చెప్పవా? జరిగింది జరిగినట్టు ఒప్పుకున్నాను. ఆమె మేసిన సాలు చూసింది, నన్ను చూసింది, మా అమ్మ కూడా తిట్టనన్ని తిట్లు తిట్టింది. తర్వాత మేడమ్ చేతులు చూసి చేన్లోకి దిగి, కాయలున్న శనగ మొక్కలు ఒక మోపు పీక్కొచ్చి ఆమె ఒళ్లో వేసింది. నాకూ నాలుగు కాయలు విసిరింది, దారి మూసేయదని అప్పుడు అర్థమైంది. మర్నాడు కడప చేరేదాకా ఆ పచ్చి శనగలే మాకు తిండి.

బండ్లు లేని దారి అంటే మనుషులు లేని దారి అనుకునేవాణ్ని. ఆ గీతలో ప్రతి అడుగూ ఎవరిదో ఒకరిది. ఇప్పుడు నా ట్రాక్ మీద కంప ఉన్న ప్రతి చోటా ఆ చేని వాళ్ల పేరు, ఫోన్ నంబరు రాసి ఉంటాయి. ఇంకోటి, ఇప్పుడు నేను ముందు పోను. అందరికన్నా వెనక వస్తాను, కంప వేసుకుంటూ.

రెండు నెలల తర్వాత నాగమ్మ ఫోన్ చేసింది. మళ్లీ ఏం కొంప మునిగిందో అనుకుంటూ ఎత్తాను.

"ఏమప్పా, మీ టీచరమ్మ వచ్చి పాయె. ఒక్కతే, సైకిల్ మీద. ఎర్రగుంట్ల నుంచి పెద్ద రోడ్డెంబడే వచ్చినాదంట."

చేతిలో పంపు పక్కన పెట్టి, ఫోను చెవికి నొక్కుకున్నాను.

"కంప తీసింది, దాటింది, మళ్లా వేసి, లాగి చూసుకోని మరీ పోయింది. నీ మాదిరి గాదు."