లాజరు తీయని డకోటా ఫోటో

వేంపల్లె బస్టాండు వెనక లాజరు ఫోటో స్టూడియో ఉంది. ఉంది అనడం మర్యాద. సెల్‌ఫోన్లు వచ్చాక అక్కడ పాస్‌పోర్టు సైజు ముఖాలు తీయడం తప్ప జరిగే ఘనకార్యమేమీ లేదు. అయినా బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అన్న మాట చెరపడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఉన్న గిరాకీ కూడా పోవడానికి కారణం అత్త రాహేలమ్మ. పదకొండేళ్ల కిందట మామ సుందరం సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన చేస్తుంటే ఊరంతా కళ్లు మూసుకుంది. అల్లుడుగారు మాత్రం పెట్టె చుట్టూ తిరుగుతూ ఫ్లాషు కొట్టారు. రాహేలమ్మ కళ్లు తెరిచి చూసింది. ఏడాది పాటు మాట్లాడలేదు. చివరికి, ప్రార్థనప్పుడు కెమెరా దించి కళ్లు మూసుకుంటానని దేవుని ఎదుట మాట తీసుకుంది. అప్పటి నుంచి లాజరు తీసే చర్చి పెళ్లి ఆల్బముల్లో ఉంగరాలుంటాయి, బిర్యానీ ఉంటుంది, ఆశీర్వాద ప్రార్థన ఉండదు.

సుందరం వైమానిక దళంలో మెకానిక్. డకోటా అనే రెండు పంకాల పాత సైనిక రవాణా విమానాన్ని ఏళ్ల తరబడి బాగుచేశాడు. సెలవు మీద ఇంటికొచ్చినా దాని ముచ్చటే. బెంగళూరు వైమానిక ప్రదర్శనలో డకోటా ఎగురుతుందని తెలిసి రాహేలమ్మ అల్లుణ్ణి పిలిచింది.

"నీ మామ బతుకంతా దాని కిందనే పండుకోని నట్లు బిగిచ్చినాడు. నేను ఒక్కసారన్నా జూడల్యా. అది ఎగిరేటప్పుడు ఒక్క ఫోటో తీసకరాప్పా."

"దానిదేముండాది అత్తా! ఎగిరెగిరి పడే పెండ్లికొడుకులనే నిలబెట్టి తీసినోణ్ణి."

కడపలో మోచెయ్యంత లెన్సు అద్దెకు తీసుకుని వెళ్లాడు. జెట్‌ విమానాలకు ఆయన అనుభవం మీద గౌరవం లేకపోయింది. గడ్డం పైకెత్తమంటే ఎత్తలేదు, కొంచెం ఇటు చూడమంటే చూడలేదు. చప్పుడు విని తలెత్తేసరికి పొగ మిగిలేది. రెండు గంటల్లో ఆరువందల ఫోటోలు తీశాడు. శుభ్రమైన ఆకాశం, ఒక తోక, పక్కాయన బట్టతల వచ్చాయి. బట్టతల మాత్రం ఎంతో స్పష్టంగా వచ్చింది.

అప్పుడు వచ్చింది డకోటా. పెళ్లి పందిట్లోకి నడిచొచ్చే పెద్దాయనలా, తొందరేమీ లేకుండా, తక్కువ ఎత్తులో. పసిపిల్లవాడు కూడా ఫోటో తీయగలడు. లాజరు కెమెరా ఎత్తాడు, ఫోకసు కుదిరింది. సరిగ్గా అప్పుడే మైకులో, ఈ విమానాన్ని నడిపినవాళ్లనూ, బాగుచేసినవాళ్లనూ ఒక్క నిమిషం మౌనంగా స్మరించుకుందామన్నారు.

వేలమంది మౌనంగా ఫోన్లు ఎత్తారు. లాజరు కెమెరా దించి, తల వంచి, కళ్లు మూసుకున్నాడు. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి డకోటా ఈగంత అయిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు రాహేలమ్మ కళ్లద్దాలు తుడుచుకుని వాకిట్లో సిద్ధంగా కూర్చుంది.

"ఏదీ, చూపించు."

"తీయల్యా అత్తా." జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నీ మామ కోసరం కండ్లు మూసుకుంటివా?"

"మూసుకుంటి."

"ఆ పొద్దు సమాధికాడ మూసుకోకపోతివి గదప్పా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోనీ, సప్పుడన్నా వింటివా?"

కళ్లు మూసుకున్న మనిషికి అది తప్ప ఇంకేం దక్కుతుంది? వీధిలో జనం చూస్తుండగా, యాభై రెండేళ్ల ఇంటర్నేషనల్ ఫోటోగ్రాఫరు బుగ్గలు ఉబ్బించి డకోటాలా గురగురమని మోగించాడు. ఎదురింటి షబ్బీర్ బయటికొచ్చి నవ్వాడు.

రాహేలమ్మ నవ్వలేదు. కళ్లు మూసుకుంది.

"అచ్చం అట్లనే జేసేటోడు ఆయప్ప, బిడ్డను నిద్రబుచ్చేటప్పుడు," అంది. "ఇంగొకసారి జెయ్యి."