జొన్నపాతరలో లెబనాను సీసాలు

మా మేనకోడలు పులివెందుల నుంచి తెప్పించిన నల్లద్రాక్ష బుట్టను రెండు రోజులు వంటింటి మూలన మరిచిపోయింది. ప్రొద్దుటూరు ఎండకు అడుగు పండ్లు చితికి, రసం ఊరి నురగ కట్టింది. "అత్తా, పాడైపోయినాయి, పారేస్తాండా" అంటూ బుట్ట ఎత్తబోయింది. "ఉండుమే" అని ఆపి, వంగి వాసన చూశాను. ముందు తీపి, తర్వాత పులుపు, ఆ రెంటి వెనకాల తడిసిన మన్ను లాంటిదేదో. నేను గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను. "కండ్లు తిరుగుతాండాయా?" అని ఆ పిల్ల నీళ్ళు తెచ్చింది. కళ్ళు తిరగలేదు. జమ్మలమడుగు ఇంట్లో, లాంతరు ముందు, చంటిబిడ్డకు పాలు పట్టినంత నెమ్మదిగా సీసా వంచుతున్న డాక్టరమ్మ చెయ్యి కనబడింది, అంతే.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మణికట్టు లోపలి వైపుకు మగవాళ్ళ గడియారం కట్టుకునేది. పులివెందుల పక్క పల్లెలో పుట్టి, మదరాసులో చదివి, యుద్ధం రోజుల్లో మిలిటరీ ఆసుపత్రితో పాటు సముద్రం దాటి లెబనాను దేశం పోయి వచ్చింది. నేను ఆమె దగ్గర పనికి చేరేనాటికి కర్నూలు మనకు రాజధాని. జమ్మలమడుగులో పాత ఇల్లొకటి కొని, ముందు గదిలో రోగులను చూసేది. నా పని వంట, పెరడు, ఆమె తెల్ల చీరలకు గంజి. నాకు అప్పటికి పాతికేళ్ళు. చదువు లేదు. కొండాపురం దగ్గర మా ఊళ్ళో మొగుడు చచ్చిపోయి ఆరు నెలలైంది. సారా తాగి చచ్చిపోయాడు. మా జిల్లాలో తాగడం నేరమని చట్టం వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. చట్టం పాటికి చట్టం ఉండేది, గుట్ట వెనక కుండల్లో సారా పాటికి సారా కాగేది. ఆ వాసన తగిలితే నేను ఆ దారి వదిలి చుట్టూ తిరిగి పోయేదాన్ని.

పెరట్లో జొన్నపాతర ఉండేది. మనిషిన్నర లోతు, కుండ ఆకారంలో తవ్వి, లోపల గడ్డి పరిచి జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి మన్నుతో మూసేవాళ్ళు. పులివెందుల చేని నుంచి వచ్చిన గింజలు అందులో ఏడాది పొడుగునా చల్లగా ఉండేవి. సంవత్సరానికి ఒక్కసారే తెరవడం. తెరిచిన పాతరలో వెంటనే దిగకూడదు. లోపల గాలి చచ్చిపోయి ఉంటుంది. పొద్దున బండ తీసి సాయంత్రం దాకా వదిలేసి, లాంతరును తాడుకు కట్టి దించాలి. దీపం వెలుగుతూ అడుగు దాకా పోతేనే మనిషి దిగాలి.

మొదటి ఏడు ఆ దీపం అడుగు దాకా పోయింది. డాక్టరమ్మ దిగింది. పైకి అందించింది మాత్రం జొన్నలు కాదు, నల్లటి సీసా. మెడకు ఏవో అంకెలు రాసిన కాగితం ముక్క కట్టి ఉంది. "ఏందిమ్మా ఇది?" అన్నాను. "వైను. ద్రాక్షపండ్లది" అంది. ద్రాక్షదైతేనేం, సారా సారానే కదా. సీసాను నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. లెబనాను కొండల్లో మరియం అనే వితంతువుకు ద్రాక్షతోట ఉండేదట. ఆమె కొడుకు కాలు తీసేయాల్సిందేనని అందరూ అన్నప్పుడు డాక్టరమ్మ కాలు నిలబెట్టిందట. వచ్చేటప్పుడు ఆ తల్లి పన్నెండు సీసాలు ఇచ్చింది. అన్నీ ఎర్ర వైనే, కానీ ఒకే ఏటివి కావు. "తన తోట పడిన కష్టసుఖాలన్నీ ఏటికొకటో రెండో చొప్పున కట్టి ఇచ్చిందిమే" అంది. తాగేందుకు సర్కారు లైసెన్సు తీసుకోవచ్చు గదమ్మా అన్నాను. "తీసుకోవాలంటే కచేరీలో తాగుడుకు బానిసనని పేరు రాయించుకోవాల. నేను బానిసను కాదు. ఏటికొక సీసా తాగే ముసల్దాన్ని."

నాకు అదంతా పట్టలేదు. మర్నాడు పెన్నలో బట్టలుతుకుతూ, కడుపు మంటతో, పక్కన ఉతుకుతున్న ఆమెతో అనేశాను: "పెద్ద సదువు సదివినోళ్ళు గూడా అంతే. మా డాక్టరమ్మ ఇంట్లో గూడా ఉండాది." అన్న మాట నీళ్ళలో కొట్టుకుపోయిందనుకున్నాను.

తర్వాతి ఏళ్ళలో నా కోపం తగ్గలేదు గాని, చూడడం అలవాటైంది. పాతర నుంచి తీసిన సీసాను ఆమె రెండు రోజులు నిలబెట్టి ఉంచేది, మడ్డి అడుగుకు దిగడానికి. ఆ తర్వాత లాంతరు వెలుగుకు అడ్డంగా పట్టుకుని గాజు కూజాలోకి ఒకే ధారగా వంచేది. మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేది. పందొమ్మిది వందల ముప్పై మూడో ఏటిది ఇటుక రంగులో ఉండింది. "ఇది ముసిలిదై మెత్తబడింది, ఎండిన అత్తిపండు మాదిరుండాది" అంది. ముప్పై ఏడుది తీసినప్పుడు అరగంట గ్లాసు తిప్పుతూ నవ్వుతూ కూర్చుంది. యుద్ధం ఆ కొండల్లోకి వచ్చిన నలభై ఒకటిలో పండ్లు కోసేవాళ్ళు లేక ఆలస్యమైందట. "దీనికింకా కోపం పోలేదు. పచ్చి నేరేడు తిన్నట్టు నాలుక పట్టేస్తాది. దీని తోడుది ఇంకొకటుండాది, కొన్నేండ్లు పోనీ" అంది. "ఏండ్లు పోతే కోపం పోతాదామ్మా?" అని అడిగాను. "కొన్నిటికి పోతాది. కొన్ని కోపంతోనే పులిసిపోతాయి. ఏది ఎట్లాంటిదో తెరిస్తేగానీ తెల్దు." నా వైపు చూసి అన్నదో, గ్లాసు వైపు చూసి అన్నదో నాకు తెలియదు.

ఆ కాగితాల మీది అంకెలే నేను నేర్చిన మొదటి చదువు. ఏ సీసా ఏదో చూపించమంటే గీతలను బట్టి చూపించేదాన్ని. తప్పూ చేశాను. ఒక ఏడు జొన్నలు తిరిగి పోసేటప్పుడు, పడుకోబెడితే కారిపోతాయని రెండు సీసాలు నిలబెట్టి పూడ్చాను. మరుసటి ఏటికి బిరడాలు ఎండి, గాలి దూరి, రెండూ పులిసిపోయాయి. డాక్టరమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించింది. "సరే, ఈ నెలంతా పప్పులోకి చింతపండు తేవొద్దు" అంది. బిరడా ఎప్పుడూ తడిగా ఉండాలని, అందుకే సీసా పడుకోవాలని అప్పుడు చెప్పింది.

హైదరాబాదు రాజధాని అయిన తర్వాతి మాట ఇది. పాతర తెరిచిన రోజు. పొద్దున బండ తీశాం. మిట్టమధ్యాహ్నం ప్రొహిబిషన్ ఇన్‌స్పెక్టరు, ఒక జవాను వచ్చారు. ఇద్దరూ కోస్తా నుంచి కొత్తగా బదిలీ అయినవాళ్ళు. ఇల్లంతా వెతికారు. మందుల సీసాలు ఒక్కొక్కటే మూత తీసి వాసన చూశారు. పెరట్లోకి వచ్చి పాతర ముందు ఆగారు. లోపల నాలుగు సీసాలున్నాయి, పైన జానెడు మందం జొన్నలు. దొరికితే డాక్టరమ్మకు జైలు, ఆమె చదువుకు మచ్చ, ఆ ముందు గదికి తాళం.

"ఇదేంటండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"జొన్నపాతర. ఇప్పుడే దిగగూడదు. పొద్దు గుంకినాక చూసుకోండి" అంది డాక్టరమ్మ.

"పొద్దు గుంకేలోగా ఖాళీ చేసుకుంటారు కాబోలు."

ఆమె నన్ను లాంతరు తెమ్మంది. ముట్టించి, తాడుతో దించింది. మనిషి నడుము లోతు పోగానే దీపం చప్పున ఆరిపోయింది. "చూడండి. మనిషి ఊపిరి గూడా అట్లే ఆరిపోతాది" అంది. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "మీ చెయ్యి వణికి ఆరిందండి. పెన్నలో బట్టలుతికే ఆడవాళ్ళందరికీ తెలుసు, మీ ఇంట్లో ఏముందో. ఒరేయ్, దిగు."

నాకు పెన్న పేరొక్కటే వినబడింది. నాలుగేళ్ళ కిందటి నా మాట తిరిగి తిరిగి ఆ పెరట్లోకి వచ్చి నిలబడింది.

డాక్టరమ్మ జవాను చెయ్యి పట్టుకుంది. "నాయనా, దిగొద్దు. నేనే ఒప్పుకుంటా. లోపల..." ఆమె మాట పూర్తి కాలేదు. "అబ్బే, ఏం కాదండి" అంటూ అతను చెయ్యి విడిపించుకుని లోపలికి దూకాడు. జొన్నల మీద రెండడుగులు వేశాడు. మోకాళ్ళు మడుచుకుపోయాయి. పక్కకు ఒరిగాడు, మళ్ళీ కదలలేదు. ఇన్‌స్పెక్టరు మూతి దగ్గర వంగి పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

"గొడుగు!" అని అరిచింది డాక్టరమ్మ. గొడుగు విప్పి, తాడుకు కట్టి, బావిలో చేద వేసినట్టు పాతరలోకి పైకీ కిందికీ గబగబా లాగింది. చచ్చిన గాలి పైకి, మంచి గాలి లోపలికి. "ఎవరు దిగుతారు? నేను పట్టను." మూతి ఇరుకు. ఈ నాలుగేళ్ళలో ఆమె లావెక్కి దిగడం మానింది, ఇన్‌స్పెక్టరు ఇంకా లావు. నేను కొంగు బిగించాను. నా నడుముకు ఒక తాడు కట్టి, చేతికి ఇంకొకటి ఇచ్చింది. "ఊపిరి బిగబట్టు. ఇరవై లెక్కబెట్టు. ఆపైన నేను లాగేస్తా, వాడు వచ్చినా రాకపోయినా."

లోపల చల్లగా ఉంది. అతని చంకల కింద తాడు చుట్టి ముడి వేశాను. అతను పడిన ఊపుకు జొన్నలు చెదిరి, మూడు సీసాల మెడలు బయటికి పొడుచుకొచ్చాయి. కాగితాలు తెల్లగా కనబడుతున్నాయి. పదమూడు, పద్నాలుగు. పైనుంచి ఇన్‌స్పెక్టరు మొహం ఇంకా తొంగి చూస్తోంది. నా మొగుణ్ణి తిన్నది ఇదే కదా అని ఒక్క క్షణం అనిపించింది. వదిలేస్తే చాలు, నేనేమీ చెప్పనక్కర్లేదు. పదిహేను. చీర కుచ్చిళ్ళు అడ్డం పెట్టి, కాలితో జొన్నలు తోశాను. ఒక మెడ మునిగింది, రెండోది మునిగింది. పద్దెనిమిది. మూడో దాని మీద కాగితం నలభై ఒకటి. దాన్ని తొక్కి పూడ్చేసరికి ఛాతీ పగిలిపోయేట్టుంది. తాడు లాగాను.

ముందు అతన్ని, తర్వాత నన్ను లాగారు. డాక్టరమ్మ అతని రొమ్ము నొక్కుతూ, ఊపిరి పోస్తూ ఎంతసేపు ఉందో నాకు తెలియదు. అతను దగ్గి, కళ్ళు తెరిచాడు. ఇన్‌స్పెక్టరు తన రుమాలుతో అతని మొహం తుడిచాడు. తుడుస్తూనే అడిగాడు: "లోపల ఏం చూశావురా?"

జవాను డాక్టరమ్మ మొహం చూశాడు. నా మొహం చూశాడు. "జొన్నలేనండి" అన్నాడు. నిజంగా చూడలేదో, చూసి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళు వెళ్ళిపోయారు.

అప్పుడు నేను డాక్టరమ్మ కాళ్ళ దగ్గర కూలబడి చెప్పేశాను. "పెన్నలో ఆ మాట అన్నది నేనేనమ్మా." ఆమె గొడుగు మడుస్తూ, "తెల్సులేమే. ఈ పెరట్లోకి రాకపోకలు నీకు తప్ప ఎవరికుండాయి?" అంది. "తెలిసీ ఎందుకు పెట్టుకున్న్యావమ్మా?" "నీ కోపానికి కారణముండాది. తగ్గేదాకా చూద్దామని." ఆ సాయంత్రం నలభై ఒకటి తీసింది. రెండు రోజులు నిలబెట్టాక ఒక గుక్క తాగి, "మెత్తబడిందే!" అని ఆశ్చర్యపోయింది. నాకూ అర గ్లాసు పోసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె మళ్ళీ అడగలేదు.

రెండేళ్ళకు ఆమెకు కడుపులో గడ్డ తేలింది. మదరాసుకు పోతూ చివరి సీసా, నలభై ఐదు, నా చేతిలో పెట్టింది. మెడకు అంకెల కాగితం కాక మడిచిన చీటీ ఒకటి కట్టి ఉంది. "ఇది నీది. చీటీ సదివించుకో" అంది. తిరిగి రాలేదు.

నేను ప్రొద్దుటూరు వచ్చి తమ్ముడి ఇంట్లో చేరాను. నీళ్ళ కుండ పక్కన, ఇసుకలో, సీసాను పడుకోబెట్టాను. బిరడా తడిగా ఉండేట్టు. చీటీ ఎవరి చేత చదివించను? అందులో సీసా మాట ఉంటే ఊరంతా పాకుతుంది. ఒక్కసారి నోరు జారినందుకు ఏమైందో చూసినదాన్ని. చదవకుండా దాచాను. తర్వాత చట్టం సడలింది, బజార్లో అంగళ్ళు తెరిచారు. అయినా దాచాను. ఆమె చేతిరాతను ఇంకొకరి గొంతులో వినడం ఇష్టం లేకపోయింది. యాభై దాటాక మా వీధి బడిలో పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్తామంటే పలక పట్టుకుని పోయాను. "ఈ వయసులో ఏం సదువుతావు పెద్దమ్మా?" అని నవ్వారు. ఒక చీటీ చదవాలని చెప్పలేదు. ఏడాది పట్టింది, గుణింతాలు, వత్తులు దాటడానికి.

ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని చీటీ విప్పాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను.

"ఓబులమ్మా, ఇది ఎక్కువ నాళ్ళు నిలిచే రకం కాదు. వచ్చే ఏడు పాతర తెరిచే రోజునే తాగు. నాకోసమని దాచొద్దు."

దాని గడువు దాటి ఎన్నో ఏళ్ళయింది. రెండు రోజులు నిలబెట్టి బిరడా లాగితే పొడిపొడిగా వచ్చింది. లాంతరు ముట్టించి, ఆమె వంచినట్టే వంచాను. రంగు పోయి, కాచిన టీ నీళ్ళలా ఉంది. జీవితంలో మొదటిసారి ఒక గుక్క తాగాను. పులుపు, చేదు. మింగిన తర్వాత, చాలా వెనకాల, ఎండిన అత్తిపండు వాసన ఒక్కటి వచ్చి పోయింది. మొగుడు గుర్తుకు రాలేదు. మిగతాది ఆ వారం పప్పులో పోశాను.

ఇప్పుడు ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా, ఎంత పనిలో ఉన్నా, చేతులు తుడుచుకుని ఆ పూటే చదువుతాను.