మూడో పిలుపు

దయ్యం కథ ఎవరు చెప్పినా చివరిదాకా విని, ఆ రోజు మీకు జ్వరమేమైనా ఉందా అని అడిగే రకం నేను. తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. నమ్మించడానికి ఇది రాయడం లేదు. మా మేనత్త పోయింది. ఆమెతోపాటు ఆ గొంతు విన్నవాడిని గనక రాస్తున్నాను.

మాది నగరి. మగ్గం ఇల్లు. యుద్ధానికి ముందు మా తాత రబ్బరు తోటల పనికి మలయా వెళ్ళాడు. అప్పటికి అత్త పేరు కూడా పెట్టని పసిగుడ్డు. యుద్ధంలో జపాను సైన్యం తోట కూలీలను థాయిలాండ్ అడవిలో రైలు దారి వేయడానికి పట్టుకుపోయిందని, వాళ్ళలో తాత ఉన్నాడని, తిరిగొచ్చిన ఒకాయన చెప్పాడు. అంతే. అవ్వ చచ్చేదాకా బొట్టు తీయలేదు.

అవ్వ అత్తకు ఒక నియమం నేర్పింది. మనిషి కనపడకుండా ఎవరు పిలిచినా మూడోసారికి గానీ పలకకూడదు. మనిషి కానిది రెండుసార్లే పిలుస్తుందట. "మీ వాకిట్లో పిలిసి పిలిసి గొంతు పోతాది గదప్పా" అని చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు. అత్త మారలేదు.

ఎనభై దాటాక అత్త ఆ రైలు దారి వేసిన చోటు చూడాలంది. తీసుకెళ్ళాను. థాయిలాండ్‌లో మొదట యుద్ధఖైదీల శ్మశానానికి వెళ్ళాం. వరసగా పేర్లు చెక్కిన పలకలు. "మీ తాత పేరు యాడుండాదో సూడరా" అంది. అవి సైనికులవి, కూలీలకు పలకలు లేవు అని చెప్పాల్సి వచ్చింది. ఆమె ఒక పలక మీది దుమ్మును కొంగుతో తుడిచి, "ఈ బిడ్డకన్నా ఉండాదిలే" అంది.

మర్నాడు అడవిలోకి వెళ్ళాం. కొండను ఉలులతో చీల్చిన దారి. రెండు పక్కలా రాతి గోడలు. పట్టాలు ఎప్పుడో పీకేశారు. కంకర, పుచ్చిపోయిన చెక్క స్లీపర్లు కొన్ని, వాటి మధ్య వెదుళ్ళు. మిట్టమధ్యాహ్నం. మేమిద్దరం, గైడు. దారి మొదట్లో మా కారు తప్ప వేరే బండి లేదు. అత్త మా మగ్గం మీద నేసిన తువ్వాలును ఒక స్లీపరు మీద పరిచి, పక్కన కూర్చుంది.

దారి మలుపు తిరిగే చోటినుంచి ఒక మగ గొంతు వినిపించింది.

"అమ్మణ్ణీ!"

గైడు తల అటు తిప్పాడు. నేను నోరు తెరవబోతే అత్త నా మణికట్టు పట్టుకుంది. "పలకొద్దు. ఒగటి."

మళ్ళీ, కాస్త దగ్గరగా. "అమ్మణ్ణీ!"

"రెండు" అంటూ అత్త లేచి నిలబడింది. పలకడానికి పెదాలు తడుపుకుంది.

మూడోది రాలేదు. వాన మొదలైనా ఆమె కదల్లేదు. మీవాళ్ళెవరైనా వెనకబడ్డారా అని గైడు నన్ను అడిగాడు. నేను మలుపు దాటి చూశాను. అక్కడ దారి కూలిన బండలతో మూసుకుపోయి ఉంది. మనిషి జాడ లేదు.

కారెక్కాక అత్త చెప్పింది. "పేరు పెట్టేదానికి ముందర నాయన నన్ను అట్లా పిలిసేవాడంట. మాయమ్మ ఒగసారి సెప్పింది." ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. మళ్ళీ తనే అంది. "ఇంగొగసారి పిలిసింటే పలికుందును గదరా. కూడు లేనోడికి మూడుసార్లు పిలిసేదానికి గొంతు యాడిదిరా?"

నగరికి వచ్చాక ఆమె మొదటి పిలుపుకే పలికేది. కూరగాయలామె పక్కింటివాళ్ళను పిలిచినా పలికేది. మధ్యాహ్నమైతే ఇంట్లోని పవర్‌లూములు, అంటే కరెంటు మగ్గాలు, ఆపమనేది. మా తమ్ముడు విసుక్కుంటూనే ఆపేవాడు. ఆ నిశ్శబ్దంలో వాకిట్లో కూర్చునేది. ఎవరూ పిలవలేదు. అలా కూర్చునీ కూర్చునీ పోయిన వానాకాలంలో కన్నుమూసింది.

అడవిలో పిలిచిందెవరో నేను చెప్పలేను. పక్షి అనుకుందామని చూశాను, ప్రతిధ్వని అనుకుందామని చూశాను. కుదరలేదు.

దినాలు అయిన మర్నాడు మధ్యాహ్నం ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. లోపల మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. ఇక వాటిని ఆపమనేవాళ్ళు లేరు. మూడోసారి ఎవరైనా పిలిచి ఉంటే, ఆ చప్పుడులో నాకు వినపడలేదు.