హైదరాబాద్ స్లీవు నర్సీపట్నం వచ్చిన విధం

మీరు టీ తాగండి, నాకు వద్దు. ఈ గ్లాసుడు మజ్జిగ తేట ఉంది చూడండి, ఇదే నాకు గంట సేపు సరిపోతాది. ఒక్క మాట సగం చెప్పి సగం మింగినందుకు తుని నించి ఇంటికి ఎలా వచ్చేనో, వచ్చేక ఊరంతా నాకు ఏటి అంటగట్టిందో చెప్తాను. నవ్వుకోండి, ఫర్వాలేదు.

నర్సీపట్నంలో బలిఘట్టం రోడ్డు మీద నాది లేడీస్ టైలరింగ్ షాపు. కూచుని పని, నూటపన్నెండు కిలోలు. షుగరు, మోకాళ్ళు, మెట్లెక్కితే ఆయాసం. చివరికి హైదరాబాద్‌లో బరువు తగ్గే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. దాని పేరు స్లీవు. కడుపు చాలా భాగం కోసేసి, మిగిలింది సన్నగా కుట్టేస్తారు. "ఎంత మార్జిన్ వదుల్తారండీ లోపల?" అని అడిగేను డాక్టరు గారిని. "మార్జిన్ ఎందుకమ్మా?" అన్నారు. రేపు మళ్ళీ లావైతే విప్పుకోడానికి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఈ సంగతి మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. తిండి తగ్గించుకోలేక కోయించుకుంది అంటారని సిగ్గు. వెళ్ళే ముందు ఆదివారం చర్చిలో మా సంఘం పెద్దావిడ కరుణమ్మగారు పట్టుకున్నారు. "హైదరాబాదేటి సువర్ణా, ఏటి పని?"

దేవుడి గుమ్మంలో అబద్ధం ఎలా ఆడతాను? "స్లీవ్ కోసమండీ" అన్నాను.

"కొత్త మోడల్ చేతులు కుట్టడం నేర్పుతారేటి? మంచిదే. బేగి నేర్చుకోని రా, నా కోడళ్ళకి నువ్వే కుట్టాల."

నేను తలూపేను. అంతే, చేసిన పాపం అదొక్కటే.

ఆపరేషన్ బాగానే అయింది. మా చెల్లెలింట్లో రెండు వారాలు ఉండి బయల్దేరే ముందు డాక్టరు గారు ఒక్కొక్కటే గట్టిగా చెప్పేరు. గంటకోసారి లేచి నడవాలి, లేకపోతే కాళ్ళలో రక్తం గడ్డ కట్టొచ్చు. నీళ్ళు గుటక గుటక తాగుతూనే ఉండాలి. బరువు ఎత్తకూడదు. కారులో కాళ్ళు చాపుకుని, పొట్ట మీద దిండు పెట్టుకుని కూచోవాలి. నాకున్నది ఒక్కటే భయం. కుట్లు కదలకుండా, గడ్డా గిడ్డా కట్టకుండా ఇంటికి చేరితే చాలు.

మా ఆయన ప్రభుదాసు కృష్ణదేవిపేట రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. నన్ను తీసుకెళ్ళడానికి హైదరాబాద్ వచ్చి, ప్లానంతా ఆయనే వేసేడు. పగటి రైలు, లేచి నడవడానికి వీలుగా అంచు సీటు, ఫోన్లో గంటకో అలారం. తునిలో దిగేసరికి ఫ్రెండు నూకరాజు కారు రెడీ. రైల్లో అలారం మోగినప్పుడల్లా నేను బోగీ ఈ చివర నించి ఆ చివరికి. బిగుతు మేజోళ్ళు, చేతిలో నీళ్ళ సీసా. రాజమండ్రి దాటేసరికి ఒకాయన, "మేడం, మా టికెట్లు ఎప్పుడు చూస్తారు?" అనడిగేడు. అంతవరకూ ప్లాను బ్రహ్మాండం.

తునిలో దిగి కారు తలుపు తీసేను. ముందు సీట్లో కరుణమ్మగారు. వెనక ఆవిడ ఇద్దరు కోడళ్ళు. వాళ్ళ ఒళ్ళో, కాళ్ళ కింద బట్టల సంచులు.

"వందనాలమ్మా, రా రా" అన్నారు కరుణమ్మగారు.

నేను మా ఆయన వేపు చూసేను. ఆయన నేల వేపు చూసేడు. "అది కాదే... నూకరాజు ఇక్కడికి ఖాళీగా ఎందుకు రావడం, వీళ్ళు తునిలో గుడ్డలు కొనాలన్నారు కదా అని ఎక్కించుకోమన్నాను. తిరిగొచ్చేటప్పటి సంగతి ఆలోసించలేదు."

ఇరవై ఏళ్ళు షేర్ ఆటో నడిపిన మనిషికి ఖాళీ సీటు కనిపిస్తే ప్రాణం ఒప్పుకోదు. పెళ్ళాం ఆపరేషన్ కూడా దాని తరవాతే.

పెద్దావిడని ముందు సీట్లోంచి లెమ్మని ఎలా అంటాం? వెనక నలుగురం సర్దుకున్నాం. మధ్యలో నేను, మోకాళ్ళు గడ్డానికి ఆన్చుకుని. పొట్ట మీద దిండు, దిండు మీద వాళ్ళ సంచి. గోతి వచ్చినప్పుడల్లా లోపలి కుట్లన్నీ లెక్కపెట్టుకుంటున్నాను. కరుణమ్మగారు టిఫిన్ డబ్బా వెనక్కి చాపేరు. "కోడి వేపుడు, తిను. సిక్కిపోయేవు."

"వద్దండి, ప్రయాణం పడదు."

"సరే, స్లీవు సూపించు ఏది? ఫోటో ఉందా?"

"లోపలుందండీ" అన్నాను.

"లోపలేటి? లైనింగా?"

అప్పుడు మోగింది అలారం. కాళ్ళు అప్పటికే మొద్దుబారిపోయేయి. లేవాలంటే అందరూ దిగాలి, దిగాలంటే కారణం చెప్పాలి. ఊరుకుందాం, ఇంకెంత, ముప్పావు గంటే కదా అనుకున్నాను. పిక్క ఒక్కసారి పట్టేసింది. గడ్డ కట్టిందేమో అనుకున్నాను. భయమేసింది, నిజంగా భయమేసింది.

"నూకరాజూ, ఆపు" అన్నాను.

కోటనందూరు దగ్గర జీడితోట పక్కన ఆపేడు. సంచులు దింపి, కోడళ్ళని దింపి, నన్ను లాగేరు. నేను రోడ్డు వారన కుంటుకుంటూ నడుస్తుంటే వెనకాల కరుణమ్మగారు వచ్చేరు. "ఏటే, ఏటయింది నీకు? నిజం సెప్పు."

చెప్పేసేను. స్లీవంటే జాకెట్టుది కాదు, కడుపుదని. చెప్తుంటే ఏడుపొచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"నీ కడుపు, నీ కష్టం. అందులో సిగ్గేటి? నేను ప్రార్థన సేసుంటాను కదే పిచ్చిదానా. ఎవరికీ సెప్పన్లే. పద, నడు."

పది నిమిషాలు నాతో పాటు నడిచేరు. పిక్క వదిలింది. కారు దగ్గరికొచ్చి ఆర్డర్లేసేరు. "సువర్ణకి కారు పడట్లేదు. ముందు సీట్లో అదే కూకుంటాది. ప్రభుదాసూ, నువ్వు ఆటోలో రా."

ఆ రోజు మా ఆయన షేర్ ఆటో చివర సగం తొడ మీద కూచుని, పరాయి డ్రైవరు చేత "సర్దుకో బాబూ" అనిపించుకుంటూ నర్సీపట్నం వచ్చేడు. నేను కాళ్ళు చాపుకుని వచ్చేను. అదొక్కటి మాత్రం నాకు హాయిగా అనిపించింది.

కరుణమ్మగారు మాట తప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. అదే కొంప ముంచింది. ఊళ్ళో అందరికీ నేనింకా కోర్సు చేసొచ్చిన టైలర్నే. నేను మిషనెక్కిన రోజే గుడ్డలు పట్టుకుని బారు తీరేరు. హైదరాబాద్ స్లీవ్ కావాలిట. నాకేం వచ్చు? ఆస్పత్రి ఫైలు తిరగేస్తే, ఆపరేషన్ తరవాత కడుపు ఎలా ఉంటాదో బొమ్మ ఉంది. పైన కాస్త బుట్ట, కింద సన్నగా వంపు, ఒక పక్క పొడుగునా కుట్టు. చూడ్డానికి బానే ఉంది. జాకెట్ల చేతులు అదే ఆకారంలో కత్తిరించి కుట్టేసేను.

మొన్న ఆదివారం చర్చిలో ఆడాళ్ళంతా చేతులెత్తి ప్రార్థన చేస్తున్నారు. కరుణమ్మగారు, ఇద్దరు కోడళ్ళతో సహా. ఉన్న ఒక్క కడుపు తగ్గించుకుందామని హైదరాబాద్ దాకా వెళ్తే, అది ఇప్పుడు ఊళ్ళో పద్నాలుగు జతలయింది.