తోటలోంచి వచ్చిన బదులు

ఉదయం ఆరున్నరకి ఏలూరులో బస్సెక్కాను. సంచిలో కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలు, ఉప్పు, పంచదార, ఒక స్టీలు గ్లాసు. అవన్నీ నూజివీడు ఆసుపత్రిలో ఉన్న మా తమ్ముడు సత్యానికి. మామిడికాయల లోడుతో బొంబాయి వెళ్ళొచ్చే లారీ డ్రైవరు వాడు. నెలరోజులుగా విరేచనాలు ఆగలేదు. మద్రాసు పంపిన రక్తపరీక్షలో ఎయిడ్స్ అని తేలింది. ఎనభైల చివర్లో ఆ పేరు మేం పేపర్లో చదవడమే.

నా తెలివితక్కువ పని కూడా చెప్పాలి. మా వైపు కడుపు జారితే ముందు నీళ్ళు మాన్పిస్తారు. కిందటి వారం ఆసుపత్రి ఆయాకి నేనూ అదే చెప్పి వచ్చాను. నిన్న మా వీధి డాక్టరుగారు విని తల పట్టుకున్నారు.

"ఏంటండీ మీరు! నీళ్ళాపితే మనిషి ఎండిపోడూ? విరేచనం అయినప్పుడల్లా ఒక గ్లాసు ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు పట్టండి."

హనుమాన్ జంక్షన్లో ఇడ్లీ తిని, ఎనిమిదింటికి నూజివీడు బస్సు పట్టుకున్నాను. పక్కసీటు కాయల వ్యాపారికి జబ్బు పేరు దాచి తమ్ముడి విరేచనాల సంగతి చెబితే, "పళ్ళెక్కువ తినుంటాడండీ" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

సత్యాన్ని వరండా చివరి గదిలో ఉంచారు. గుమ్మం బయట అన్నం పళ్ళెం మీద ఈగలు ముసురుతున్నాయి. వాడు చెంచాతో మంచం ఊచ మీద మూడుసార్లు కొట్టాడు. ఎవరూ రాలేదు. కిటికీ అవతల మామిడితోటలోంచి మాత్రం డబ్బా మీద మూడు దెబ్బలు వినిపించాయి. చెట్ల కింద మనిషి కనబడలేదు. పట్టపగలే నా ఒళ్ళు జలదరించింది.

"తోట కాపలావాడు అన్నయ్యా. ఒకడు కొడితే పక్క తోటవాడు బదులు కొట్టాలి, మేలుకునున్నట్టు. నన్నూ కాపలావాడే అనుకుంటున్నాడు. ఈ వారమంతా నాకు పలికింది వాడొక్కడే."

నాలుక అంటుకుపోయి మాట సరిగా రావడం లేదు. వాడి చూపంతా సీసా మీదే ఉంది. తల ఎత్తి గ్లాసు పట్టాను. మధ్యాహ్నం దాకా బట్ట మార్చడం, చేతులు కడుక్కోవడం, గ్లాసు పట్టడం. ఆయా గుమ్మంలోనే నిలబడింది.

"అంటుకోదాండీ?"

"నీళ్ళు పడితే అంటుకోదమ్మా. డాక్టరుగారే చెప్పారు."

రేపు సెలవు పెట్టి వచ్చేస్తానని, సీసాలు ఆమెకి అప్పగించాను.

నాలుగింటికి ఆసుపత్రి ముందే బస్సెక్కాను. జనం కోసం ఆపి ఉంచారు. తోటలో డబ్బా మూడుసార్లు మోగింది. బదులు లేదు. మళ్ళీ మోగింది. లేదు. మూడోసారి డబ్బా మీద దెబ్బ గట్టిగా పడింది. నేను దిగి పరుగెత్తాను.

చెంచా నేల మీద పడుంది. ఆయా మంచం మీద కూర్చుని వాడి తల ఎత్తి పట్టుకుంది. సత్యం రెండు చేతులా గ్లాసు పట్టుకుని తాగుతున్నాడు.

ఐదింటి బస్సులో ఊరొచ్చేదాకా ఏడ్చాను.

ఆ పంట అయ్యేలోగా సత్యం పోయాడు. దాహంతో మాత్రం పోలేదు. నూజివీడు వెళ్ళేవాళ్ళని తోటలు చూసి రమ్మంటారు. నాకు ఆ నీడల్లోంచి ఎవరో పిలుస్తున్నట్టే ఉంటుంది. వాడు పోయిన రోజు గది ఖాళీ చేస్తుంటే తోటలోంచి మూడు దెబ్బలు వినిపించాయి. చెంచా తీసుకుని ఊచ మీద మూడుసార్లు కొట్టి, బస్సుకి బయల్దేరాను.